ఆరు పరుగుల బొమ్మ

నా చిన్నప్పుడు నాచారంలో మా వీధి పిల్లలకు దెబ్బలు కొత్త కాదు. బడిలో సారు కొట్టేవాడు, ఇంట్లో అమ్మ కొట్టేది, షిఫ్టు దిగి వచ్చిన నాన్నలు ఎందుకు కొడుతున్నారో వాళ్లకే తెలియకుండా కొట్టేవాళ్లు. మాలో మేము కొట్టుకోవడానికి మాత్రం ఒక కారణం ఉండేది. అది బబుల్‌గమ్ పొట్లంలో వచ్చేది.

పొట్లం విప్పితే గులాబీ రంగు గమ్ము, దానితోపాటు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద అట్టముక్క. దాని మీద ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ, మూలన ఒకటో రెండో నాలుగో ఆరో అని పరుగుల అంకె. గమ్మును తీపి పోయేదాకా నమిలి ఉమ్మేసేవాళ్లం, బొమ్మను దిండు కింద పెట్టుకుని పడుకునేవాళ్లం. ఆ రోజుల్లో క్రికెట్ ఆటగాళ్లు లేని చోటు లేదు. మంగలి దుకాణం అద్దం చుట్టూ వాళ్లే, నోటు పుస్తకాల అట్టల మీద వాళ్లే. మా వరుసలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే కాబట్టి మ్యాచ్ ఉన్నప్పుడు ఆ ఇంటి కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్లం. అంతటి మనుషులు మన గుప్పిట్లోకి వచ్చి మన సొంతమవుతారంటే పదేళ్ల పిల్లకు పిచ్చెక్కదా? నాకు ఎక్కింది. ముప్పైకి పైగా బొమ్మలు పౌడరు డబ్బాలో దాచుకుని, రోజుకు రెండుసార్లు తీసి చూసుకునేదాన్ని.

మొన్న బోడుప్పల్‌లో ఉండే మా మేనల్లుడు అలాంటి బొమ్మ ఒకటి కొని తెచ్చాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, అంచులు తప్ప ఎక్కడా ముట్టుకోనివ్వలేదు. ఇలాంటివి పోగుచేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారట, మూలలు నలగకపోతే మంచి ధర అట. "మీరు వీటితోని ఎట్ల ఆడుతుండె అత్తా?" అని అడిగాడు. వాడికి సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఆట ఇది. ఒకరు తమ బొమ్మను నేల మీద బోర్లా పెట్టాలి. రెండోవాళ్లు దాని పక్కన అరచేత్తో బలంగా కొడితే ఆ గాలికి బొమ్మ వెల్లకిలా తిరగాలి. మూడు దెబ్బల్లో తిరిగితే బొమ్మ వాళ్లది. తిరగకపోతే వాళ్లు తమ బొమ్మ ఒకటి ఇచ్చుకోవాలి. ఇచ్చుకోవడానికి బొమ్మ లేనివాళ్లు వీపు ఇవ్వాలి. అంటే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాలి. బొమ్మ మీద ఎన్ని పరుగులుంటే అన్ని పిడిగుద్దులు. ఈ రూలు ఎవరు పెట్టారో తెలియదు గాని మా వీధిలో అది రాజ్యాంగం. మా గుంపులో నలుగురు మగపిల్లలు ఉన్నా, గట్టిగా గుద్దేది నేనే అని పేరు. ఆ పేరు నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఆ ఏడాదే పక్కింటి గదిలోకి నల్లగొండ వైపు నుంచి ఒక తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయేది. ఆదివారం ఇద్దరూ తలనిండా నూనె రాసుకుని చర్చికి వెళ్లేవాళ్లు. ఆ పిల్ల నాకంటే ఏడాది చిన్న, నన్ను అక్కా అనేది. గమ్ము కొనుక్కునే చిల్లర దానికి ఎవరిస్తారు? అందుకని అది మొదటిరోజు నుంచీ వీపుతోనే ఆడింది. పది ఆటల్లో తొమ్మిది ఓడిపోయేది. లేచి, గౌను దులుపుకుని, మళ్లీ కూర్చునేది. అలా దెబ్బలు తిని తిని అయిదారు బొమ్మలు గెలుచుకుంది, ఓడినప్పుడు మాత్రం వాటిని ఇవ్వకుండా వీపే ఇచ్చేది. మా అందరి బొమ్మల మీదా ఎవరివి ఎన్ని పరుగులో నోటికి చెప్పేది. దాని వీపు మీద మచ్చలు మాకు కనిపించేవి. మేము వాటిని చూసి నవ్వేవాళ్లం కూడా.

నా దగ్గర ఒక ఆరు పరుగుల బొమ్మ ఉండేది. వేరే దేశపు ఫాస్ట్ బౌలరు, గుబురు మీసాలు, బంతి వదలబోతూ గాల్లోకి లేచిన మనిషి. అది మా వీధి మొత్తానికి ఒక్కటే. నేను దాన్ని ఎప్పుడూ ఆటలో పెట్టేదాన్ని కాదు. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఇనుము పోతపోసే కంపెనీ గోడ వెనక, వాడేసిన ఇసుక పారబోసే జాగాలో ఆడుతున్నాం. మగపిల్లలు నన్ను పిరికిదానా అని ఎగదోశారు. పక్కింటి పిల్ల ఎలాగూ ఓడిపోతుందనే ధైర్యంతో ఆ బొమ్మను దాని ముందు పెట్టాను.

రెండు దెబ్బలు వృథా అయ్యాయి. మూడో దెబ్బకు బొమ్మ లేచి, ఒక్క క్షణం అంచు మీద నిలబడి, వెల్లకిలా పడింది. మీసాలాయన నన్నే చూస్తున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. వేలు తగిలించావు, ఓడినట్టే అన్నాను. "తగల్లేదక్కా, అమ్మతోడు," అంది అది. తగల్లేదని నాకూ తెలుసు. అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా నేను వంగమన్నాను. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఏమిటంటే, గెలిచిన ఆ పిల్ల మారుమాట లేకుండా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది.

మగపిల్లలు లెక్క మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా అది ఆటే. ఆరు తర్వాత నేను ఆగలేదు, వాళ్లూ లెక్క ఆపలేదు. ఏడు అనగానే ఎవడో ఈల వేశాడు. తొమ్మిది, పది. నా పిడికిలి దాని వెన్నుపూసల మీద పడుతోంది, నొప్పి నాకే తెలుస్తోంది, ఆ నొప్పికి కోపం ఇంకా పెరుగుతోంది. పద్నాలుగు అన్నప్పుడు దాని మోకాళ్లు వంగాయి. ముందుకు తూలి, అక్కడ పడేసిన విరిగిన పైపు మీద భుజంతో, గడ్డంతో పడింది. ఎండు పుల్ల విరిచిన చప్పుడు వచ్చింది. గడ్డం చీలి రక్తం గౌను మీదికి కారింది. ఇసుకలో ఒక పన్ను కనిపించింది.

నేను చేసిన మొదటి పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. వంగి నా బొమ్మ తీసుకున్నాను. రెండో పని, గోడ మీద నుంచి పడిందని చెప్పాలని అందరి చేతా ఒట్టు పెట్టించాను. ఆ పిల్ల చేత కూడా.

మా ఇంట్లో మా తాతయ్య ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఉప్పల్ వైపు ఒక తాలీంలో కుస్తీ పట్టినవాడు. ఒక చెవి నలిగి ముద్దయి ఉండేది. సాయంత్రం వాకిట్లో అన్నం తింటుంటే నేను ముద్ద కలపలేకపోయాను, పిడికిలి కణుపులు ఉబ్బి వేళ్లు ముడుచుకోవడం లేదు. తాతయ్య నా చేతిని చూశాడు, పక్కింటి గదికి వేసిన తాళం చూశాడు. అప్పటికే ఆ తల్లి కూతుర్ని దవాఖానాకు తీసుకుపోయింది. తాతయ్య ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను.

పొద్దున్నే నన్ను ఆ ఇసుక దగ్గరికే తీసుకుపోయాడు. "ఎన్ని గుద్దినవ్?" అన్నాడు. గోడ కథ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆరు అన్నాను. తాతయ్య చొక్కా విప్పి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. "నా తాన బొమ్మల్లేవు బిడ్డా. కొట్టు," అన్నాడు.

కొట్టాను. భయానికి కొట్టాను. ఆరు అయ్యాక ఆగితే "ఆరింటికి చెయ్యి గిట్ల ఉబ్బదు. ఇంకా ఉన్నయి," అన్నాడు. ఏడు కొట్టాను, ఎనిమిది కొట్టాను. ముసలి వీపు ఎర్రబడింది. చెయ్యి నొప్పిగా ఉందని ఏడ్చాను. "వచ్చే వానకాలం దాకన్న ఏడువు, లెక్క తప్పకు," అన్నాడు. పది దగ్గర ఆయన ఇటు తిరిగి, నా ఎత్తుకు వచ్చేలా ఇసుకలో కూర్చుని, నా కళ్లలోకి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "ఇగ గీడ కొట్టు," అని తన మొఖం చూపించాడు.

నా చెయ్యి లేవలేదు. "ఇందాక కొట్టినవ్ గదా, గా మనిషినే నేను," అన్నాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కుంటూ, వంగినోళ్ల మీద చెయ్యెత్తేటోడు తాలీంల నిలవడు అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. పద్నాలుగు అని అప్పుడు చెప్పాను. అంతకుమించి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఎక్కడికి పోవాలో కూడా చెప్పలేదు. దవాఖానాకు పోదామని నేనే అన్నాను.

ఆ పిల్లకు ఎడమ భుజం దగ్గరి ఎముక విరిగిందని రెండు భుజాలనూ వెనక్కి లాగి పట్టీ కట్టారు. గడ్డానికి కుట్లు పడ్డాయి. తల్లి కొంగు తలమీద కప్పుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నేను మంచం పక్కన నిలబడి, గోడ మీద నుంచి పడలేదు, నేనే కొట్టాను అని చెప్పాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. అర్థమయ్యాక లాగి ఒక్కటి కొట్టింది. నేను పక్క మంచం ఇనుప కడ్డీకి గుద్దుకున్నాను, పెదవి చిట్లింది. మా తాతయ్య పక్కనే ఉన్నాడు, అడ్డం రాలేదు. నేను జేబులోంచి మీసాలాయన బొమ్మ తీసి దుప్పటి మీద పెట్టాను. ఆమె దాన్ని నాలుగు ముక్కలుగా చింపి కిటికీలోంచి పారేసింది. తర్వాత అదే చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది.

అప్పుడు ఆ పిల్ల నన్ను దగ్గరికి రమ్మని కళ్లతో సైగ చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. కుట్ల వల్ల పెదవులు సరిగ్గా కదలడం లేదు. అమ్మకు వినిపించకుండా, నా చెవిలో అడిగింది.

"గోడ మీదికెల్లి పడ్డననే చెప్పినక్కా, ఒట్టు. మళ్ల నన్ను ఆటకు రానిస్తరా?"

దాని దెబ్బలన్నిటికీ అర్థం నాకు ఆ క్షణాన తెలిసింది. బొమ్మల కోసం వంగలేదు ఆ పిల్ల. కొత్త ఊళ్లో, తల్లి పనికి పోయిన ఖాళీ గదిలో ఒక్కతే కూర్చోలేక వంగింది. మేము దాన్ని మాలో ఒకదానిగా చూడాలంటే ఉన్న దారి అదొక్కటే అనుకుంది. నేను మంచం కోడు పట్టుకుని బావురుమన్నాను. రానిస్తాం అని చెప్పాను గాని, అది తిరిగి వచ్చేసరికి పెద్దవాళ్లు మా వీధిలో ఆ ఆటే లేకుండా చేశారు. తన వల్లే ఆట పోయిందని అది కొన్నాళ్లు కుమిలిపోయింది. ఏడాది తిరక్కుండానే వాళ్లు ఘట్‌కేసర్ వైపు ఇల్లు మారిపోయారు. దాని ఎడమ భుజం కొంచెం ఎత్తుగా, అలాగే ఉండిపోయింది.

నేను పెద్దయ్యాక ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను, ఇరవై ఐదేళ్లు దాటింది. ఏటా ఒకరిద్దరు పిల్లలు మొఖం వాచి వస్తారు. పడ్డాను టీచర్ అంటారు. మెట్ల మీద, సైకిలు మీద, గోడ మీద. మిగతా టీచర్లు ఎవరు కొట్టారో చెప్పమని గద్దిస్తారు, పిల్లలు నోరు విప్పరు. నేను ఆ ప్రశ్న అడగను. మొఖం కడిగించి, పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు ఎవరితో ఆడుకోవాలనుకుంటున్నావురా అని అడుగుతాను. అప్పుడు ఏడుస్తారు.