పుంటికూర తిని చూపిన సాయంత్రాలు

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు నాతో మాట్లాడే పిల్ల ఒక్కతీ లేదు. ఒమాన్‌లో, రుస్తాఖ్ దగ్గర రోడ్డు వేసే కంపెనీలో మా బాపు స్టోరు చూసేవాడు. డెబ్బైల నడుమ సంగతి. మిగతావాళ్లంతా రూముల్లో ఉండే మగవాళ్లు; సంసారంతో వచ్చింది మేమొక్కరమే. నాకు తొమ్మిదేళ్లు. బడి లేదు. బాపు డ్యూటీకి పోయాక అమ్మ పనిలో పడేది, నేను గోడకు ఆనుకుని మా ఊరి పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి అనుకునేదాన్ని.

ఎదురింట్లో నా ఈడు పిల్ల, వాళ్ల నాయనమ్మ ఉండేవారు. ఆ పిల్లతో ఆడుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. వాళ్ల అరబ్బీ నాకు రాదు, నా తెలుగు వాళ్లకు రాదు. అమ్మ ఊరి నుంచి తెచ్చిన గింజలతో, స్నానపు నీళ్లు పారే చోట పుంటికూర వేసింది. గోంగూరను మావైపు అలాగే అంటాం. అది ఏపుగా పెరిగింది. ఒకరోజు లేత కొమ్మలు కోసి, దారంతో కట్టి, ఎదురింటి ముసలమ్మ చేతిలో పెట్టాను. ఆమె నవ్వుతూ తీసుకుంది. నేను మా గడప దాటేలోపే అది వాళ్ల మేక నోట్లో ఉంది.

నాకసలే రోషం ఎక్కువ. చాప మీద బోర్లా పడుకుని చాలాసేపు ఏడ్చాను. ఇక ఆ ఇంటివైపు చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

మస్కట్ నుంచి సామాను తెచ్చే లారీ డ్రైవర్ తాత, హైదరాబాద్ ఆయన, స్టోరుకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చాయ్ తాగేవాడు. ఆ రోజు నా ముఖం చూసి సంగతంతా రాబట్టాడు. ఓదార్చలేదు, మిరపకాయ కథ చెప్పాడు. అది మన నేలది కాదట. నాలుగైదు వందల ఏళ్ల కింద ఓడలవాళ్లు సముద్రాలు దాటించి తెచ్చారట. అంతవరకు మనకు కారమంటే మిరియాలే. కొత్త కాయ ఎర్రగా బాగుందని పెరట్లో పెట్టుకున్నారే గానీ, విషమేమోనని ఎవరూ నోట పెట్టలేదట. ఎలా తినాలో చెప్పే పుస్తకం దానితోపాటు రాలేదు కదా.

“ఎవరో ఒకామె ఉప్పేసి నూరి, నలుగురి ముంగట అన్నంల కలుపుకొని తిన్నది బిడ్డా. కండ్లల్ల నీళ్లు కారినయ్ గని, సావలే. తెల్లారి పక్కింటామె వచ్చి, గదెట్ల నూరినవ్ అని అడిగింది. గంతే, ఇంటింటికీ పోయింది,” అన్నాడు.

అందులో నిజమెంతో ఆయనకూ తెలియదనుకుంటాను. నేను మాత్రం ఆమెను అప్పుడే నమ్మేశాను.

“నువ్వు ఆకు ఇచ్చినవ్, తినుడు ఇయ్యలే. రేపటి సంది వాళ్లకు కనబడంగ కూసొని తిను. పిలువకు.”

మర్నాటి నుంచి సాయంత్రం పూట పుంటికూర పప్పన్నం గిన్నెతో, ఇళ్ల ముందు పారే కాలువ గట్టున కూర్చున్నాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. రెండు రోజులు ఆ మేక తప్ప నన్నెవరూ పట్టించుకోలేదు. అంతమంది మధ్య ఒక్కదాన్నే నమలడం, ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం కన్నా కష్టంగా ఉండేది. మూడోరోజు సగం గిన్నె అలాగే ఇంటికి తెచ్చేశాను.

నాలుగోరోజు ముసలమ్మ వచ్చి నా ఎదుట చతికిలబడి, అరచెయ్యి చాపింది. ముద్ద పెట్టాను. పులుపుకు కళ్లు మూసుకుంది. లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను. ఆమె ఎండిన నల్లటి నిమ్మకాయ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. తమ కూరల్లో పులుపు ఇదని చెప్పడం. తర్వాత మా మొక్కలవైపు చూపి, ఎలా వండాలన్నట్టు చేతులు తిప్పింది. నేను పరిగెత్తి ఒక కట్ట కోసుకొచ్చి, ఆకులు తుంచి ఒడిలో వేసుకుని, కాడలు మేకకు వేశాను. ముసలమ్మ పగలబడి నవ్వింది. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని తనూ తుంచడం మొదలుపెట్టింది. తన మోకాలు నా మోకాలికి తగిలింది. అంతే, నాకు ఏడుపొచ్చింది.

నెల తిరగకుండానే రోడ్డు ముందుకు సాగి, కంపెనీ మమ్మల్ని వేరే సైట్‌కు పంపింది. అక్కడ ఎదురిల్లే లేదు. పుంటికూర గింజ కట్టకముందే వచ్చేశాం, వాళ్లకు గింజలివ్వడం కుదరలేదు. ఆ ఇంట్లో దాన్ని మళ్లీ వండారో లేదో తెలియదు.

తర్వాత ఎన్నో ఊళ్లు మారాను. మా ఆయన పోయాక ఈ మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరూ పలకరించకపోతే నొచ్చుకోవడం ఈ వయసులోనూ మానలేదు. కానీ మధ్యాహ్నం తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా కూర్చుని తింటాను. ఎవరూ ఆగని రోజులే ఎక్కువ. అయినా ఒక ముద్ద ఎక్కువే కలుపుతాను.