భీమారావు వెడల్పు కుర్చీలు

రాయపూరు రైల్వే గూడ్సాఫీసు చరిత్రను నిష్పక్షపాతంగా రాయదలచినవారు దానిని రెండు యుగాలుగా విభజించక తప్పదు. హెడ్డుగుమాస్తా భీమారావు కుర్చీలోంచి కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్న యుగం మొదటిది. కాళ్లు పైకి మడిచి, మఠం వేసుకుని, పీట మీద భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్న యుగం రెండోది. మొదటి యుగం ఆయన ఉద్యోగంలో చేరిన రోజు మధ్యాహ్నం టీ వేళకే ముగిసిందని ఆనాటివాళ్లు చెబుతారు. రెండో యుగంలో కుర్చీ చేతులు ఒరుసుకుని ఆయన మోకాళ్లు రెండూ కాయలు కాచాయి. తరవాత జరిగిన మహాసంస్కరణకు ఆ కాయలే మూలం.

సంస్కరణ ఎందుకు కావలసివచ్చిందంటే, ఆ ఆఫీసులో కొత్త గుమాస్తాలు నిలిచేవారు కారు. విజయనగరం నుంచో పలాస నుంచో కుర్రవాడు బెడ్డింగు చుట్టుకుని రావడం, రేకుల కప్పు కింద నాలుగు రోజులు ఉడకడం, వాల్తేరుకు బదిలీ పెట్టుకుని అదే బెడ్డింగుతో బండెక్కడం. యాభై మూడో సంవత్సరం వేసవి ముదరకముందే ముచ్చటగా ముగ్గురు అలా తరలిపోయారు. అప్పుడు బిలాసపూరు నుంచి పై అధికారి సూర్యారావుగారు స్వయంగా దిగారు.

"చూడండి భీమారావుగారూ, నాలుగోవాణ్ని పంపిస్తున్నాను. వీడూ పారిపోయాడా, ఈ పనంతా బిలాసపూరు పట్టుకుపోతాను. మీరూ అక్కడికే వద్దురుగాని, దానయ్య కింద" అన్నారు.

ఈ దానయ్య ఒకప్పుడు ఇదే గదిలో భీమారావు దగ్గర పని నేర్చుకున్నవాడు. కలం సిరాలో ముంచాక ఒకసారి విదిలించాలన్న విద్య కూడా భీమారావు పెట్టిన భిక్షే. ఆ విదిలింపు తన చొక్కా మీదే పడిన రోజులు ఆయన మరిచిపోలేదు. అలాంటి దానయ్య లోపలికొస్తే లేచి నిలబడాలా? పైగా, నిలబడాలంటే కాళ్లు దించాలి!

ఆ పూట కంచం ముందు కూర్చుని భార్య సూరమ్మకు తన సిద్ధాంతం వినిపించాడు.

"మనిషి ఎందుకు పారిపోతాడే? కుదురుగా కూర్చోలేక. కూర్చోనిస్తే ఎందుకెళ్తాడు?"

"బాగుందండీ మీ అకల్, మీ తెలివీ! ఆదమీ ఉంటాడా పోతాడా అన్నది కుర్సీని బట్టి ఉంటదేటి? అది కాదు, ఆ వచ్చే కుర్రోడి గురించి మన గూడ్సు షెడ్డు వెనకింటి పార్వతమ్మ ఏటందంటే..."

"పార్వతమ్మ సంగతి బాద్‌మే, తరవాత చూద్దాం. వట్టివేళ్ల తడికలు ఎక్కడ దొరుకుతాయో అది చెప్పు."

"బజార్లో. ఇంకెక్కడ దొరుకుతాయి, నా కొప్పులోనా?"

కిటికీలకు వట్టివేళ్ల తడికలు లేచాయి. మూల మంచినీళ్ల కుండ వెలిసింది. ఇక కుర్చీలు. వడ్రంగిని పిలిపించి, గుమాస్తా తాతయ్యను నేల మీద మఠం వేయించి, ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి కొలిపించాడు. తాతయ్యకు పేరే గాని వయసు లేదు. ఒళ్లు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. అతనికి పట్టిన కుర్చీ దేశంలో ఎవరికైనా పడుతుందని భీమారావు లెక్క.

వడ్రంగి కొలతకర్రను ఒకసారి, తాతయ్యను ఒకసారి చూసి, "ఏ కుర్సీ హే కి ఖటియా, బాబూ?" అన్నాడు. చేయవలసింది కుర్చీయో మంచమో తేల్చమని మనవి.

"దోనోం కే బీచ్‌మే" అని, రెంటికీ మధ్యరకమని, భీమారావు గంభీరంగా తీర్పిచ్చాడు.

చేతుల్లేని వెడల్పు కుర్చీలు వచ్చాయి. మడిచిన మోకాళ్లు తగలకుండా బల్లల కాళ్ల కింద ఇటుకలు పెట్టించాడు. చివరగా ఒక శాసనం: కొత్తవాడి ముందు ఊరు, ఇల్లు, బంధువులు అన్న మాటలు ఎవరూ ఎత్తరాదు. ఎత్తితే వాడికి వాల్తేరు గుర్తొస్తుంది.

కొత్తవాడు వెంకటస్వామి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, వినయంగా ఉన్నాడు. వెడల్పు కుర్చీకి దండం పెట్టినంత పనిచేసి, దాని అంచున కల్వర్టు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మర్నాడు ఎక్కడి నుంచో ఖాళీ సబ్బుల పెట్టె తెచ్చుకుని గుమ్మం పక్కన వేసుకున్నాడు.

భీమారావు కాళ్లు దించి మరీ లేచి వచ్చాడు. "ఏం నాయనా, కుర్చీ బాగులేదా?"

"కుర్సీకేటండి, సింహాసనం లాగుంది. నా కుడి మోకాలే మడవదండి. సిన్నప్పుడు మావిడిసెట్టు మీంచి పడ్డాను."

అంతటి సంస్కరణా ఒక మోకాలి దగ్గర ఆగిపోయింది. ఆనాటి నుంచి భీమారావుకు తిండి సయించలేదు. వెంకటస్వామి ఒకసారి తెల్లకాగితం అడిగితే, బదిలీ దరఖాస్తుకేనని హడలిపోయి, ఆఫీసులో కాగితాలే లేవని చెప్పాడు. అతను పకోడీలు పొట్లం కట్టుకోవడానికి అడిగాడు.

"ఆ కుర్రోడు ఎక్కడికీ పోడండీ, పార్వతమ్మ..." అని సూరమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

"నీకేం తెలుసే ఆఫీసు సంగతులు!"

ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, వెంకటస్వామి పెట్టె మీదే ఉన్నాడు. ఇంటికి కూడా పోనివాడు తాతయ్య: ఆ వెడల్పు కుర్చీ సుఖానికి మరిగి సాయంత్రాలు ఇల్లు చేరడం మానేశాడు. అతని భార్య అన్నమ్మ గుమ్మం దాకా వచ్చి, "బాబూ, మా ఆయన్నయినా ఇంటికి పంపండి, ఆ కుర్సీనయినా పంపండి" అని మొరపెట్టుకుంది.

ఒకనాడు చెప్పాపెట్టకుండా సూర్యారావుగారు వచ్చారు. బల్లల కింద పాదాలన్నీ చెప్పుల కోసం తడుములాడాయి. భీమారావు ఒక కాలికి తన బూటుతో, రెండో కాలికి తాతయ్య చెప్పుతో లేచి నిలబడి, ఉద్యోగికీ ఆసనానికీ గల సంబంధాన్ని వివరించాడు. సూర్యారావుగారు విని, పరీక్షార్థం ఒక కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి వారి ఎడమకాలు పైకి వచ్చింది. కుడికాలూ వచ్చింది. వారు కళ్లు మూసుకున్నారు.

కళ్లు తెరిచాక, "పని ఇక్కడే ఉంటుంది, మీరూ ఇక్కడే ఉంటారు. బిలాసపూరుకి ఇలాంటివి రెండు చేయించి పంపండి. ఒకటి దానయ్యకి" అన్నారు.

సూర్యారావుగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఏమోయ్, నీకు వాల్తేరు పోవాలనిపించలేదా?"

వెంకటస్వామి సబ్బుల పెట్టె మీంచి లేచాడు.

"ఎందుకండీ? నేనే వాల్తేరులో అడిగి ఇక్కడికి ఏయించుకున్నానండి. పార్వతమ్మగారి అల్లుణ్నండి నేను. మా అత్తోరిల్లు గూడ్సు షెడ్డు ఎనకాలే."