మీటరుకెక్కని కుంపట్లు

నా తోడికోడలు పోయిన వేసవిలో దగ్గుతో పోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒకే పొయ్యి మీద వండుకున్నాం, దిబ్బూరహళ్ళి పక్కన ఒకే షెడ్డులో పట్టుపురుగులు మేపాం. అరవై దాటాక అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని నేను, చుట్టి చెప్పడం చేతకాదు. ఆమె కూతురికీ ఉన్నదున్నట్టే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఆ పిల్లకు బెంగళూరులో ఉద్యోగం. పెద్ద పెద్ద బిల్డింగులు వచ్చే నెల, వచ్చే ఏడు ఎంత కరెంటు తింటాయో ముందే లెక్కగట్టి చెప్పడం దాని పని. చలి మొదలవక ముందే వచ్చి, షెడ్డు మీద సోలారు పలకలు పెట్టిస్తానంది. ఎంత బ్యాటరీ కావాలో తేల్చాలంటే, రాబోయే చలికాలం షెడ్డు ఎంత తింటుందో తెలియాలట. పాత మీటరు లెక్కలన్నీ కంప్యూటరులో ఎక్కించుకుని, నేను మల్బరీ ఆకు తరుగుతుంటే పక్కనే కూర్చుంది.

“పెద్దమ్మా, చలికాలంలో మన షెడ్డు ఏమీ తినేట్లేదే! చిన్న బ్యాటరీ చాలు.”

“అదెట్లమ్మే?”

“ఎండాకాలమైతే ఫ్యాన్లు, కూలర్లు తిరగతాయి. చలికి అవి ఉండవు కదా.”

“మరి హీటర్లు?”

దాని చెయ్యి ఆగిపోయింది. బొగ్గు పొగ పీల్చొద్దని, మొదటి జీతంతో తల్లికి హీటర్లు కొనిచ్చింది అదే.

“అమ్మ దినామూ ఏస్తాండానని చెప్పిందే.”

“మీయమ్మ ఏసిందెప్పుడే? అట్టపెట్టెల్లోంచి తీసింది కూడా లేదు. అటక మీదుండాయి, పోయి చూడు.”

ఇక్కడ పురుగులు మేపేవాళ్ళకు హీటరు మీద గురి తక్కువ. పురుగు పొర విడిచే ముందు మేత మాని, కదలకుండా పడుకుంటుంది. దాన్ని మేం జ్వరమంటాం. జ్వరంలో ఉండగా చలి తగిలితే పంట పోయినట్టే. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. కుంపట్లో బొగ్గు మాత్రం చెప్పకుండా పోదు. అందుకని నా తోడికోడలు కిటికీలు మూసి, గోనెపట్టాలు కట్టి, కుంపట్ల మధ్య కూర్చునేది. బయటికి రమ్మని తిడితే, “నువ్వూరుకోక్కా, జ్వరమొచ్చిన బిడ్డల్ని ఇడిసిపెట్టి వస్తామా?” అనేది. ఆ పొగలోనే ఫోనెత్తి, దగ్గు ఆపుకుంటూ కూతురితో, “ఏస్తాండా లేమ్మా. నీ హీటరు ముందర చెమటలు పోస్తాండాయి” అని నవ్వేది.

పిల్ల అటకెక్కి దిగింది. పెట్టెలకు అంటించిన టేపు కూడా ఊడలేదని అదే చెప్పింది. ఏడవలేదు. మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది.

“ఎన్ని కుంపట్లు పెట్టేది పెద్దమ్మా?”

“చలిని బట్టి. వాకిట్లో నిలబడి, మూపుకు గాలి తగిలితే ఇంకొకటి రాజేసేది.”

“అది ఎట్ల ఎక్కించేది ఇందులో?”

“నాకేం తెలుసే.”

ఆ కుంపట్ల బదులు హీటర్లు పెట్టుంటే ఎంత తినేవో, ఏదో ఒక అందాజు వేసుకుని కొట్టింది. తెర మీద అంతవరకూ నేలబారుగా ఉన్న గీత చలినెలల దగ్గర కొండలా లేచింది. లేచినచోట వేలు పెట్టి చూస్తూ కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. దాన్ని పట్టుకుని ఓదార్చే మాటలు నాకు రావు. ఆకు వాడిపోతుందని తరుగుతూనే ఉన్నాను.

పెద్ద బ్యాటరీయే పెట్టించి, అటక మీది హీటర్లు దింపించి పోయింది. ఇప్పుడు చలి ముదిరింది. షెడ్డులో పొగ లేదు, కిటికీలు కొంచెం తెరిచే ఉంచుతున్నాం. పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. పొద్దుగూకితే బెంగళూరు నుంచి ఫోను వస్తుంది.

“హీటర్లు ఏసినావా పెద్దమ్మా?”

“ఏసినా లేమ్మా.”

ఆ మాటతో ఫోను పెట్టదు. షెడ్డు మీటరు అక్కడికే కనబడేట్టు చేసుకుంది. మీటరు కదిలిందని చూసుకున్నాకే, “సరే, పోయి తిను” అంటుంది.