రెండో పాటలో రైలు కూత

ఈ సాయంత్రం ఫోన్‌లో ఆ పాత ఇంగ్లిష్ రాక్ ఆల్బమ్ దొరికింది. వింటూ రెండో పాట దగ్గర ఆగిపోయాను. అందులో రైలు కూత లేదు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నేస్తాలూ, గుర్తుందా? రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఇంట్లో ఎవర్నీ దగ్గనివ్వకుండా క్యాసెట్లు కాపీ చేసుకునేవాళ్ళం. పక్క క్వార్టర్ డేవిడ్‌కి, ఊరి చివర నిమ్‌పురాలో ఉండే వాళ్ళన్న అలా చేసిచ్చిన క్యాసెట్ అది. గిటార్ మధ్యలో సన్నగా కూత, వెనకే వ్యాగన్లు గుద్దుకున్న చప్పుడు.

"ఈ బ్యాండోళ్ళ పాటలన్నీ ఎవుడి దగ్గరో కాపీ కొట్టినవేరా," అనేవాణ్ణి.

"మరి పాటలో రైలు కూతెట్టినోడు ఇంకెవుడున్నాడేటి, సెప్పు?" అనేవాడు డేవిడ్.

ఒరే డేవిడ్, ఆ కూత బ్యాండు వాళ్ళది కాదురా. కాపీ చేస్తుంటే టేపులో పడిన, మీ అన్న కిటికీ అవతలి రైల్వే యార్డుది. పుట్టినప్పట్నుంచీ వింటున్న కూతని మనమే పోల్చుకోలేదు. స్కూలు రోజులన్నీ ఓడిన వాదన ఇవాళ గెలిచాను. చెబుదామంటే నువ్వు పోయి ఆరేళ్ళయింది.

పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. కూత రావలసిన చోట లేచి కిటికీ తెరిచాను. ఈ ఊళ్ళో మా ఇంటిదాకా రైళ్ళు వినపడవు.