కూర్చోబెట్టిన తాత

రామదాసు తాతకు డెబ్బై ఆరేళ్లు. లిటిల్ ఇండియాలో, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే ఒక హాకర్ సెంటర్లో వాళ్ల టీ కొట్టు. నలభై ఏళ్లపాటు బల్లల మధ్య తిరుగుతూ, కాగితం ముట్టకుండా ఆర్డర్లు తెచ్చేవాడు. పాలు వద్దన్నదెవరో, చక్కెర తగ్గించమన్నదెవరో ఒక్కటీ తారుమారయ్యేది కాదు.

మోకాళ్లు నొప్పంటున్నాడని కొడుకు వివేక్ ఆయన్ని గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. టీ కావలసినవాళ్లే అక్కడికి వచ్చి చెప్పుకుంటున్నారు. రెండు నెలలు తిరక్కుండానే తాత తడబడసాగాడు. షుగరున్న జనార్ధనరావుకు తియ్యటి పాల టీ వెళ్లింది.

"ఏం రామదాసన్నా, నన్ను తొందరగా పైకి పంపుదామనా?" అన్నాడాయన.

తాత నవ్వలేదు. వచ్చే నెల నుంచి నాన్న ఇంట్లోనే ఉంటాడని వివేక్ ఆ సాయంత్రమే తేల్చేశాడు.

చదువు మానేసి కొట్లో టీ కలుపుతున్న మనవరాలు లక్ష్మీప్రియ ఇదంతా చూస్తూ ఉంది. బల్లలు తుడిచే మనిషి రాని రోజున తాతే లేచి తుడుస్తూ, అక్కడ కూర్చున్నవాళ్ల ఆర్డర్లూ అడిగి వస్తాడు. ఆ రోజు తప్పులుండవు. ఎందుకని? కాళ్లు కదిలినందుకా, నలుగురితో మాట్లాడినందుకా? తేల్చుకోవాలనిపించింది. కొట్టు తెరవక ముందు పక్కనున్న ఇళ్ల బ్లాకు చుట్టూ రెండు చుట్లు తిరిగి రమ్మని తాతను బతిమాలింది. వారం రోజుల్లో తప్పులు సగానికి తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఆదివారం జనం కిక్కిరిశారు. లైను కదలడం లేదు, నువ్వే బల్లల దగ్గరికి వెళ్లిరా అని లక్ష్మీప్రియ తాతతో అంది. తాత వెళ్లి, వచ్చి, పదకొండు ఆర్డర్లు గడగడా అప్పజెప్పాడు. వివేక్ నమ్మలేక ట్రే పట్టుకుని తనే బల్ల బల్లకూ తిరిగాడు. ఒక్క గ్లాసూ వెనక్కి రాలేదు.

"ఎలా గుర్తుంటాది నాన్నా?"

"నాకేటి గుర్తుంటాది? ఎవుడి టీ ఆడి బల్ల కాడే ఒగ్గేసి వస్తాను. మనసులో మళ్లీ ఆ దారినే నడిస్తే దొరుకుద్ది. గల్లా కాడ అందరూ ఒక్కచోటే నిలబడితే ఎవుడిది ఎక్కడ పెట్టుకోను?"

"మరి మోకాళ్లో?"

"నొప్పెడతాయి. కూకున్నా నొప్పెడతాయి."

వివేక్ పొద్దున పూట మాత్రం బల్లల మధ్య తిరగమన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి తాత చివరి బల్ల దగ్గరున్నాడు.

బల్లల సంగతి సరే. మరి ఒక్క బల్లా లేని బ్లాకు చుట్టూ తిరిగితే సగం తప్పులు ఎలా తగ్గాయి? లక్ష్మీప్రియకు అది మాత్రం ఇంకా అంతుపట్టలేదు.