పోపు పెట్టిన ఇంజను నూనె

ఆ రోజుల్లో, అంటే బాపట్లలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదివేటప్పుడు, జాబితా రాస్తే సగం పని అయిపోయినట్టేనని నమ్మేవాణ్ణి. (ఇప్పుడు పావు వంతు అంటాను.) ఆ ఉదయం రేపల్లె దగ్గర మా బాబాయి పొలంలో ఉన్నవారూ ఉన్నవీ నా రికార్డులో ఈ వరసలో ఉన్నాయి: బాబాయి, పిన్ని, ఇంజన్లు బాగుచేసే తెనాలి మామ, ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను ఒకటి, క్యానులో నాలుగు లీటర్ల వేరుశనగ నూనె, టిఫిను క్యారియర్, నేను. రాయనిది నారుమడి. కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదు. పక్క గుంటలోంచి ఆ ఇంజను తోడిపోస్తేనే నారు బతుకుతుంది. మొనలు అప్పటికే ఎర్రబడుతున్నాయి. అయినా "ముందు నూనెతో నడిపి చూస్తాను బాబాయ్, ప్రాజెక్టు" అనగానే ఆయన హ్యాండిల్ నా చేతికిచ్చి పక్కకు జరిగాడు.

నేను చాలా మాట్లాడాను. నూరేళ్ళకు పైబడిన మాట, పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనునే వేరుశనగ నూనెతో నడిపారనీ, చూస్తున్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియలేదనీ వివరించాను. నూనె డీజిల్ కంటే చిక్కన, వేడి చేస్తే పలచబడుతుంది. అందుకే ముందురోజే ఫోనులో పిన్నికి చెప్పాను, "నూనె కాచి తీసుకురా" అని.

డీజిల్‌తో మొదలుపెట్టి, వేడెక్కాక నూనెకు మార్చాను. ఇంజను హాయిగా నడిచింది. ఇంగువ వాసన వచ్చింది. టిఫిను క్యారియర్ అనుకున్నాను. పొగ గొట్టం వైపు నుంచి గాలి తిరిగాక, పక్క చేలో కూలీలు తలెత్తి "ఎవరింటోనండీ పోపు?" అన్నారు. పారిస్‌లో తెలియనిది మా దగ్గర నాలుగు చేలకు తెలిసింది. ఆ వెంటనే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తెనాలి మామ ఫిల్టరు విప్పాడు. ఎర్రటి మడ్డి. వేలితో తీసి వాసన చూశాడు.

"ఏంటల్లుడూ, ఇది ఇంజనా, ఆవకాయ జాడీయా?"

"కాచమన్నాడుగా అన్నయ్యా," అంది పిన్ని. "పోపు లేకుండా నూనె ఎవరన్నా కాస్తారా? ఇంజన్లో పడతాయని ఆవాలు వడకట్టాను కూడా. కారం, ఇంగువ ఎలాగూ కరిగేవేగా."

"అవునమ్మా, తప్పు ఇంజనుదే," అన్నాడు మామ.

బాబాయి నవ్వలేదు. నారుమడి వైపు చూస్తున్నాడు. ఫిల్టరూ నాజిలూ విప్పి డీజిల్‌తో కడిగి బిగించేసరికి రెండు గంటలు పట్టింది. హ్యాండిల్ నేనే తిప్పాను. మూడోసారికి అందుకుంది. నీళ్ళు మడిలో పడ్డాయి.

పిన్ని క్యారియర్ విప్పి ముందు నాకే పెట్టింది. బాబాయి చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"ఇంతకీ నూనెతో నడిచిందా లేదా?"

"నడిచింది బాబాయ్."

"మరి రాసుకోవేం?"

ఇప్పుడు ఇంజన్లు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. ఎంత చిన్న ప్రయోగానికైనా మూడు సంతకాలు కావాలి. ఎండుతున్న నారును పక్కన పెట్టుకుని ఇంజను నా చేతికిచ్చినవాళ్ళు ఒక్క సంతకం అడగలేదు. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది. కారం మరక పక్కన, గొప్ప పరిశోధకుడి దస్తూరీలో రాసుకున్నాను: నూనెతో నడిచిన సమయం, పదకొండు నిమిషాలు.