ఈల నేర్చుకున్న లెక్కల టీచరు

ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే టీచరమ్మకు అప్పటికి యాభై రెండేళ్లు. ఆవిడ నవ్విందంటే స్టాఫ్‌రూమ్‌లో అందరూ తల తిప్పి చూసేవారు. అంత అరుదు.

ఆ తరగతి చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసిందంటే ఎదురు మేడ మీద కిటికీలు తెరుచుకునేవి. అందుకే అందరూ ఆ పిల్లని ఈలపిట్ట అనేవారు. భిన్నాల పరీక్షలో ఈలపిట్ట ఇచ్చిన కాగితం మీద పేరు తప్ప ఇంకేమీ లేదు.

"ఒక్క లెక్కయినా ముట్టుకోలేదేం?" అని అడిగింది టీచరమ్మ.

"నాకు లెక్కలు రావు టీచర్. మా అమ్మకీ రావు, అమ్మమ్మకీ రావు. మా వంశంలోనే లేవు," అంది ఆ పిల్ల ఎంతో మర్యాదగా.

"రావు అనకు. ఇంకా రాలేదు అను. నేర్చుకుంటే రానిదేముంది?"

ఈ మాట టీచరమ్మ ఏటా ఓ నూరుసార్లు అంటూనే ఉంది. ఇన్నేళ్లలో ఎదురు ప్రశ్న వేసినవాళ్లు లేరు. ఈలపిట్ట వేసింది.

"మీకు ఈల వచ్చా టీచర్?"

"నాకు రాదు. ఈ వయసులో ఇంకేం..."

టీచరమ్మ నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. "ఇంకా రాలేదు టీచర్," అన్నారు నలభై మంది ఒక్క గొంతుతో.

తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది. వెనక్కి తగ్గితే రేపటి నుంచి ఏ మొహంతో పాఠం చెప్పడం? ఒప్పందం కుదిరింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పది నిమిషాలు ఈల, పది నిమిషాలు భిన్నాలు.

మొదటిరోజు ఈలపిట్ట ఆవిడ చేత సబ్బుతో చేతులు కడిగించింది. పెదాలు పళ్ల మీదికి మడవమంది. రెండు వేళ్లతో నాలుక కొసను వెనక్కి నెట్టి ఊదమంది. టీచరమ్మ ఊదింది. తుంపర్లు వచ్చాయి. ముందు బెంచీవాళ్లు పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. నాలుగోరోజుకు పంక్చరైన సైకిల్ టైరు లాంటి చప్పుడొకటి వచ్చింది. అంతమాత్రానికే తరగతి తరగతంతా చప్పట్లు.

ఇంట్లో వంటగదిలో సాధన. ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కుక్కర్లోంచి ఆవిరి కారుతోందని అనుకుని మూతకున్న వాషర్ మార్చేశాడు. మర్నాడు మళ్లీ అదే చప్పుడు వినిపిస్తే కుక్కర్‌నే విప్పడానికి కూర్చున్నాడు. విషయం తెలిశాక అత్తగారు కోడల్ని దగ్గరికి పిలిచింది.

"కట్టుడుపళ్లు తీసేస్తే 'స' అన్నప్పుడల్లా నాకు ఈలే వస్తుంది కదే. దానికింత అవస్థ దేనికి?"

తొమ్మిదోరోజు టీచరమ్మకు విసుగొచ్చింది. "నా నోటి తీరే అంతేమో, వదిలేద్దాం," అంది.

ఈలపిట్ట ఓదార్చలేదు. కింద గొంతుక్కూర్చుని, పళ్ల డాక్టర్లా ఆవిడ నోట్లోకి తొంగిచూసింది.

"మొన్న గాలి పక్కల నుంచి పోయింది టీచర్. ఇవాళ కింద నుంచి పోతోంది. అంటే పక్కలు సరిపోయినట్టే. కింది పెదవి ఇంకాస్త బిగించండి."

టీచరమ్మ నోట్లో వేళ్లతో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఎన్ని కాగితాల మీద ఎర్ర ఇంటూ పెట్టిందో లెక్కే లేదు. గాలి ఎక్కడ పోతోందని ఒక్కదానిలోకీ ఇలా తొంగిచూసిన గుర్తులేదు.

ఆ రోజు ఈలపిట్ట రాసిన లెక్కకు ఆవిడ ఇంటూ పెట్టలేదు. సగానికి మూడోవంతు కలిపితే రెండు బై అయిదు అని రాసింది ఆ పిల్ల.

"ఇదెలా వచ్చిందో చెప్పు."

"పైవి పైవి కలిపా, కిందవి కిందవి కలిపా."

"సరే. నీ దగ్గర సగం రొట్టె ఉంది. నేనింకో ముక్క ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర ఎంతుందంటున్నావు?"

ఈలపిట్ట కాగితం వంక చాలాసేపు చూసింది. "రెండు బై అయిదంటే సగం కూడా లేదు కదా. మీరిచ్చాక తగ్గిందేంటి? రొట్టె ఎవరు తినేశారు టీచర్?"

తరగతి గొల్లుమంది. టీచరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. ఆ వారంలోనే పిల్లలు తప్పు లెక్కలు పట్టుకుని బోర్డు దగ్గరికి పోటీ పడి రావడం మొదలుపెట్టారు. ఎవరు తప్పు చేసినా "గాలి ఎక్కడ పోతోంది?" అని మిగతావాళ్లు వెతికేవాళ్లు.

పందొమ్మిదోరోజు సాయంత్రం టీచరమ్మ చంకలో కాగితాల కట్టతో స్టాపుకు చేరేసరికి బస్సు కదిలిపోతోంది. ఆవిడ పరిగెత్తింది. ఏం చేస్తున్నదీ తనకే తెలియకుండా రెండు వేళ్లు నోట్లో పెట్టి ఊదింది.

స్టాపు కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. బస్సు కీచుమంటూ ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఈల వేసిందెవరు?" అన్నాడు.

"నేనే బాబూ."

అతను ఆవిడ నెరిసిన జుట్టునీ కాగితాల కట్టనీ మార్చి మార్చి చూసి, "ఎక్కండమ్మా," అన్నాడు. దారి పొడుగునా ఆవిడ కిటికీ వైపు తిరిగి తనలో తనే నవ్వుకుంటూ, దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు పోయింది.

మర్నాడు ఈ సంగతి చెబితే పిల్లలు కళ్లారా చూస్తేగానీ నమ్మం అన్నారు. మూడుసార్లు ఉత్త గాలే. నాలుగోసారి వచ్చిన ఈలకు హెడ్మాస్టరు మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, తిన్నగా చివరి బెంచీ వంక చూశారు.

"నేను కాదు సార్," అంది ఈలపిట్ట.

"నేనేనండి," అంది టీచరమ్మ, రుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ.

హెడ్మాస్టరు ఆవిణ్ణి చూశారు, పిల్లల్ని చూశారు, తలుపు దగ్గరగా వేశారు. "వేళ్లు ఎంత లోపలికి పెట్టాలండి?" అన్నారు నెమ్మదిగా.

తర్వాతి భిన్నాల పరీక్షలో ఈలపిట్టకు పాతికకు పదకొండు వచ్చాయి. ఆ పిల్ల మార్కుల వంక చూడనైనా లేదు. టీచరమ్మ ఇంటూ పెట్టకుండా పెన్సిల్‌తో చుట్టూ గీత గీసిన మూడో లెక్క దగ్గర వేలు పెట్టి, నేల మీదే చతికిలబడి చెరిపి రాయడం మొదలుపెట్టింది. గంట కొట్టారు. మిగతావాళ్లంతా గ్రౌండ్‌లోకి పరుగు తీశారు.

"ఒక్క నిమిషం టీచర్, దొరికేట్టుంది," అంది తల ఎత్తకుండానే.